కొట్టం మీది ఫ్లెక్సీ

మా అన్న ఐలేశం పొట్టేలు ఎంత పెద్దదంటే, దాని బొచ్చులో ఓ కోడి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని దించేదాకా మాకెవరికీ తెలియలేదు. నమ్మితే నమ్మండి. ఇప్పుడు చెప్పేది మాత్రం అంతకన్నా వింత, పైగా నిజం.

సర్పంచి ఎన్నికల ముందు పంచాయతీ గోడకు ఓటర్ల జాబితా అతికించారు. మా కురుమవాడలో నలభై రెండు పేర్లు లేవు. అందులో నాదీ ఒకటి. "జూలై పదకొండున విచారణకు వెళ్లాం. ఇళ్లకు తాళాలున్నాయి. గొర్రెలతో వలసపోయి తిరిగిరాలేదు" అని కాగితంలో రాసి ఉంది. ఎండాకాలం మేం మందలు తోలుకుపోయే మాట నిజమే. తొలకరికి తిరిగొస్తామని ఊరి కుక్కలకు కూడా తెలుసు. ఆ కాగితం రాయించినవాడు మండల నాయకుడు చెన్నయ్య. మేత గుట్టను అతని కంకర క్రషర్‌కు ఇచ్చేది లేదన్నామని మా మీద కోపం.

అభ్యంతరాలు వినే ఆఖరి రోజున అందరం తహశీల్దారు సుచరిత మేడం ముందు నిలబడ్డాం. చెన్నయ్య అప్పటికే ఎదురుకుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

"లగ్గమై వచ్చినకాడికెల్లి ఒక్క ఓటు తప్పలె బిడ్డా. బతికుండంగనే నన్ను తీసేసిన్రు" అంది మా వదిన సుక్కమ్మ.

"ఆధార్ కార్డుతో ఇల్లుందని తెలుస్తది అవ్వా. ఆ రోజు మీరు ఊళ్లో ఉన్నట్టు రుజువు కావాలె."

ఫోన్ మోగింది. మేడం "సరే సార్" అంది. మళ్లీ మోగింది. మళ్లీ "సరే సార్". ముఖం చిన్నబోయింది.

"సంతకం పెట్టుర్రి మేడం. గొర్లెంబడి తిరిగెటోళ్లకు ఊరేంది, ఓటేంది?" అన్నాడు చెన్నయ్య.

వదిన చెన్నయ్యను చూపిస్తూ నా వైపు తిరిగింది. "మరిదీ, మన కొట్టం మీద గీయన బొమ్మ కింద ఏం తేదీ ఉన్నది? సదివి నవ్వినవ్ గదా!"

"జూలై పదకొండు వదినా!"

"జర గంట ఆగు బిడ్డా" అని ఆటో ఎక్కింది. గొర్రెపిల్లల కొట్టానికి కప్పిన ఫ్లెక్సీని పీకి, పెంటికల వాసనతో సహా తెచ్చి, మేడం బల్ల మీద పరిచింది.

'కురుమవాడలో నట్టల మందు పంపిణీ' అని పెద్దక్షరాలు, పక్కనే తేదీ. చెన్నయ్య మా పొట్టేలు నోట్లో ఆ కడుపులో పురుగులు పోయే మందు పోస్తున్నాడు. అది ఆయన తెల్లచొక్కా మీదే ఉమ్మింది. అన్న కొమ్ములు పట్టుకున్నాడు. వెనక తలుపులు బార్లా తెరిచిన ఇళ్ల ముందు వాడంతా పగలబడి నవ్వుతోంది. అచ్చు వేయించి బస్టాండులో కట్టించింది కూడా ఆయనే! గాలికి ఊడిపడితే వదిన తెచ్చి కొట్టానికి కప్పింది.

మేడం ఒక్కో ముఖాన్నీ మాతో పోల్చి చూసింది. ఫొటోలో లేనివాళ్లు మందు తీసుకుని వేసిన వేలిముద్రలు పశువుల దవాఖాన రిజిస్టర్లో అదే తేదీన దొరికాయి. ఫోన్ మళ్లీ మోగింది.

"సార్, ఆ రోజు వీళ్లు ఊళ్లనే ఉన్నరని చెన్నయ్యగారే సాక్ష్యం. ఫొటో పంపాల్నా?"

అవతల ఫోన్ పెట్టేశారు. నలభై రెండు పేర్లూ ఆ పూటే తిరిగి ఎక్కాయి.

పోలింగు రోజు సిరా వేలు పైకెత్తుకుని బయటికొచ్చిన వదినకు చెన్నయ్య ఎదురుపడ్డాడు.

"నాయినా చెన్నయ్యా, గా ఫ్లెక్సీ మేడం ఫైల్ల పెట్టుకున్నది. గొర్రెపిల్లలు వానకు నానుతున్నయి. ఇంకోటి ఏయించు. ఈపాలి జర పెద్దగ!"