మెల్లగా పడే చోటు

సాయంత్రం ఆరింటికి దేశ రాజధాని శివారు ద్వారకలోని ఆ కమ్యూనిటీ హాలు తలుపులు తెరిచేవారు. ముందు మ్యాట్లు దులపడం, తర్వాత వరసగా కూర్చుని దండం పెట్టుకోవడం, ఆపైన ఒకరినొకరు పడెయ్యడం. ఆ మ్యాట్ల మీద మనుషులు మెల్లగా పడేవారు, భుజం మీంచి జారిన చున్నీ నేలకి దిగినట్టు. అయితే బూట్లు విప్పి వచ్చినవాళ్ళే. ఫ్యాను బాగుచెయ్యడానికి బూట్లతో మ్యాట్ ఎక్కిన ఎలక్ట్రీషియన్ కాలుజారి దబ్బున పడి భుజం విరగ్గొట్టుకున్నాడు.

అది 2006 చలికాలం. బస్‌స్టాప్ నుంచి ఒకడు రోజూ వెంటపడుతుంటే, డిగ్రీ చదివే సాత్విక ఇక్కడ ఐకిడో అనే జపాన్ ఆత్మరక్షణ విద్యలో చేరింది. వాడి సంగతి ఒకరోజు ఆమె నాన్న శేషగిరికి తెలిసింది. రాత్రంతా ఆయనకి కంటిమీద కునుకు లేదు.

"చదువూ వద్దు, ఏమీ వద్దు. శనివారం విజయవాడ రైలెక్కు. పిన్ని దగ్గరుందువుగాని" అన్నాడు పొద్దున్నే.

"మై నహీ జావూంగీ, నేను వెళ్ళను నాన్నా" అనేసి సాయంత్రం క్లాసుకొచ్చేసింది సాత్విక.

ఆరోజు వెనకనుంచి ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఏం చెయ్యాలో నేర్పుతున్నారు. సాత్విక గోడకేసి చూస్తూ నిలబడింది. ఇంతలో గుమ్మం దగ్గర గురువు ఖురానా కేక వినిపించింది.

"జూతే, అంకుల్! జూతే!"

శేషగిరి విసురుగా ఒక బూటు లాగేశాడు. రెండోది విప్పకుండానే మ్యాట్ ఎక్కి కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"నడు ఇంటికి..."

మాట పూర్తికాకముందే సాత్విక గిర్రున తిరిగి, నేర్చుకున్నట్టే ఆ చేతిని మెలిపెట్టి విసిరేసింది. గాల్లోకి లేచిన మనిషి మొహం అప్పుడు చూసింది. నాన్నే! వేసవిలోనే ఆయన వెన్నుకి ఆపరేషనైంది. మళ్ళీ పడితే నడవలేడని డాక్టరు మరీమరీ చెప్పాడు.

వట్టి కాలు గాల్లో తేలుతోంది. బూటుకాలు బండరాయిలా కిందికి లాగుతోంది. మధ్యలో నడుం మెలితిరిగిపోతోంది. శేషగిరి పళ్ళు బిగించి మూలిగాడు.

"నాన్నా, కదలకు!"

ఖురానా పరుగున వచ్చి రెండు చేతులూ ఆయన వీపు కింద పెట్టాడు. సాత్విక మోకాళ్ళ మీద కూలబడి లేసు లాగింది. ముడి ఇంకా బిగుసుకుంది. ఇక లాభం లేదని లేసుని పళ్ళతో కొరికేసింది. బూటు ఠప్పున కిందపడింది. శేషగిరి ఒళ్ళు తేలికైంది. ఖురానా చేతులు తీసేసి పక్కకి జరిగాడు.

నేలకి ఇంకా జానెడు దూరం ఉంది.

"వాడు కూడా ఇలాగే చెయ్యి పట్టుకుంటే?" అన్నాడు శేషగిరి. గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

"మంగళవారం పట్టుకున్నాడు నాన్నా."

"ఏం... ఏం చేశావు?"

"ఇదే చేశాను. కానీ రోడ్డు మీద మెల్లగా పడరు కదా. కుంటుకుంటూ పారిపోయాడు."

శేషగిరి వీపు మ్యాట్‌కి ఆనింది. పక్కన మిగతావాళ్ళ సాధన సాగుతూనే ఉంది.

శనివారం రైలు సాత్విక లేకుండానే వెళ్ళిపోయింది. అది తర్వాతి మాట. ఆ సాయంత్రం మ్యాట్ మీదే శేషగిరి నిదానంగా లేచి కూర్చుని, కూతురి ముందు తన మణికట్టు చాపాడు.

"ఎట్లా తిప్పావో చూపించమ్మా. తొందరేం లేదు."