సీట్ల కింద అతుకు

మా నాన్న వెర్లిన్ స్టాస్కో అప్పటికే నా కోసం మూడు కార్లు చూసి మూడింటినీ కాదన్నాడు. మొదటిదాని ఇంజను ఆయిల్లో నీళ్లు కలిశాయి. రెండోదాని అడుగు రేకుని వేలితో పొడిస్తే వేలు లోపలికి దిగిపోయింది. చలికాలం మంచు కరగడానికి మా ఒహాయో రోడ్ల మీద చల్లే ఉప్పు ఎంత గట్టి ఇనుమునైనా తినేస్తుంది. మూడోదాన్ని అమ్మేవాడు మాట్లాడినంతసేపూ నేలచూపులు చూశాడట, అందుకని వద్దన్నాడు.

"కారు చూడమంటే మనిషిని చూస్తావేంటి నాన్నా?"

"కారుకి నోరు లేదు కదే. నోరున్నవాణ్ణే చూడాలి."

నాకప్పుడు ముప్పై ఆరేళ్లు. స్కూలు బస్సు నడుపుతాను. రోజూ అరవై మంది పిల్లల గోల వెనకేసుకుని తిరిగేదాన్ని, ఇద్దరికే చోటుండి పైకప్పు వెనక్కి మడుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డాను. కొత్తది కొనే తాహతు లేదు, పాతదైతే కొనగలను. నాన్న ముప్పై ఏళ్లు కార్ల బాడీ పని చేసినవాడు. రిటైరయ్యాక, పాత కారు కొనుక్కునేవాళ్ల వెంట వెళ్లి పరీక్ష చేసి పెట్టేవాడు. ఆయన సరే అన్న కారుని మా ఊళ్లో ఎవరూ మళ్లీ తెరిచి చూసేవారు కాదు.

నాలుగో కారు మార్చి నెలాఖరులో దొరికింది. ఈరీ సరస్సు ఒడ్డున, మా ఊరికి గంట దూరం. ముదురు నీలం రంగు, ఇరవై రెండేళ్ల పాతది, తిరిగింది మాత్రం చాలా తక్కువ. అమ్మే ఆయన ఎమెట్ హాగన్, రైల్వేలో చేసి రిటైరైన డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. మమ్మల్ని చూడగానే గరాజు తలుపెత్తి, కాఫీ తెమ్మంటారా అని అడిగాడు.

"కారు నా భార్య లూసిల్‌ది. అక్టోబర్లో పోయింది," అన్నాడు. "పదకొండేళ్లుగా ఎవరూ నడపలేదు. నెలకోసారి స్టార్ట్ చేసి సందు చివరిదాకా తిప్పి తెస్తున్నాను, అంతే."

నాన్న ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు, మేం రాకముందే ఇంజను వేడిచేసి పెట్టారేమోనని. చల్లగా ఉంది. స్టార్ట్ చేయిస్తే ఒక్క పిలుపుకే లేచింది. పొగ లేదు, టకటకలు లేవు. ఆ శబ్దం వింటుంటే నా మొహం విప్పారింది.

"పళ్లు బయటపెట్టకే, బేరం చెడుతుంది," అని నా చెవిలో గొణిగాడు నాన్న.

తర్వాత జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి రేకుల మీద ఆనిస్తూ కారు చుట్టూ తిరిగాడు. కుడివైపంతా అతుక్కుంది. ఎడమవైపు తలుపు కింద అంచు దగ్గర అతుక్కోకుండా జారిపోయింది.

"ఇక్కడ లప్పం పెట్టారు. దెబ్బ తగిలిందా?"

హాగన్ దాచలేదు. "ప్రకటనలో రాశానుగా. పదకొండేళ్ల కింద లూసిల్ కుక్క అడ్డొచ్చిందని పక్కకి తిప్పి కరెంటు స్తంభానికి కొట్టింది. మా కజిన్ రేకు మార్చి రంగు వేశాడు. మంచు రోడ్డు మీద అరవై మైళ్లకి పైగా తోలితే ఏమవుతుంది మరి?"

"అరవై అని ఎవరన్నారు?" అని అడిగాను.

"ఇన్సూరెన్సు వాళ్లు. కారు నలిగిన తీరు చూసి లెక్కకట్టారు. తను మాత్రం ముప్పై ఐదేనని చచ్చేదాకా వాదించింది. కారు అట్టపెట్టెలా మడతపడిపోయింది ఎమెట్, నేను గట్టిగా తోలలేదు అనేది. తుంటి ఎముక, ఎడమ కాలు నుజ్జయిపోయాయి. అప్పట్నుంచీ వాకర్ మీదే." ఆయన కారు పైకప్పు మీద చెయ్యి వేశాడు. "కారు అమ్మేద్దామంటే ఒప్పుకోలేదు. ఇక్కడికొచ్చి అందులో ఊరికే కూర్చునేది."

నాన్న జాకీ పెట్టి ఎడమవైపు లేపి, కింద స్టాండ్లు పెట్టి, టార్చి, గీరే బ్లేడు పట్టుకుని వెల్లకిలా లోపలికి దూరాడు. నల్లటి తారు పూత గీకుతున్న చప్పుడు కొంతసేపు వినబడింది. తర్వాత ఆగిపోయింది. ఐదు నిమిషాలు గడిచాయి. కారు కింది నుంచి ఆయన బూట్లు మాత్రం కనబడుతున్నాయి, కదలడం లేదు.

"నాన్నా, నిద్రపోయావా?"

ఇంకాసేపటికి బయటికి వచ్చాడు. నా మొహం చూడలేదు. డ్రైవరు సీటు ముందుకు జరిపి, కార్పెట్ అంచు పట్టుకుని లాగాడు. సీట్ల కింద ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా ఒక వెల్డింగు అతుకు ఉంది. ఎడమ చివర అది చిరిగిపోయి, లోపల వేసిన ఇనుప ముక్క బయటికి పొడుచుకొచ్చింది. ఆ ముక్క మీద లేత ఆకుపచ్చ రంగు.

"ఇదెక్కడ కొన్నారు హాగన్ గారూ?"

"మీ వైపే. క్రాల్ అని ఒకాయన షెడ్డులో. ఎందుకు?"

నాన్న పక్కనున్న పెయింటు డబ్బా మీద కూలబడ్డాడు.

"ఇది ఒక కారు కాదండీ, రెండు. వెనక గుద్దుకున్నది ఒకటి, ముందు గుద్దుకున్నది ఒకటి కొని, బాగున్న సగాలు కోసి ఇక్కడ అతికారు. లోపల బలానికి వేసిన ముక్కలు స్కూలు బీరువాల తలుపులు. ఓ పాత బడి పడగొడితే క్రాల్ లారీడు పట్టుకొచ్చాడు. ఆ రంగు అదే."

"మీకెలా తెలుసు?"

"అతికింది నేనే."

హాగన్ చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్ని పడెయ్యలేదు, కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"అంటే?"

"ఎదురుగా తగిలితే ఎలాగోలా ఆగుతుంది. పక్కనుంచి తగిలితే ఈ అతుకు దగ్గర మడతపడుతుంది."

"ఎంత స్పీడులో?"

"ముప్పై చాలు."

హాగన్ గొంతు మారింది. మీరు అనడం మానేశాడు.

"అప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఈ అమ్మాయిని ఎక్కించేవాడివా ఇలాంటిదాంట్లో?"

నాన్న నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

"లేదు," అన్నాడు.

హాగన్ కప్పుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఫోను తీసి ఎవరికో కలిపాడు. "జనీన్, నాన్నని. మాట్లాడకు, విను." ఫోను మా నాన్న మొహం ముందు పెట్టాడు. "మా అమ్మాయి. వాళ్లమ్మ స్పీడుగా తోలి గుద్దిందని, ఆ తర్వాత తన పిల్లల్ని ఆవిడ దగ్గర వదల్లేదు. వదలొద్దని నేనే చెప్పాను. నాకు చెప్పింది దానికీ చెప్పు."

నాన్న చెప్పాడు. బీరువా తలుపులతో సహా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. అవతలి నుంచి "నాన్నా... అమ్మ..." అన్న రెండు మాటలు వినబడ్డాయి, ఫోను కట్టయింది.

"ఇక వెళ్లండి," అన్నాడు హాగన్.

తిరుగు దారిలో నాన్న ట్రక్కు నేనే నడిపాను.

"ఎన్ని?" అని అడిగాను.

"పదిహేడు."

"ఎందుకు చేశావ్?"

"క్రాల్ చెయ్యమన్నాడు, చేశాను. రెండేళ్లయ్యాక మానేశాను."

"మానేసినప్పుడు ఎవరికీ చెప్పలేదేం?"

ఆయన కిటికీ అద్దం కిందికి దించాడు. మా అమ్మ బతికున్నప్పుడు, "మీ నాన్న ఏ కారెక్కినా ముందు కార్పెట్ లేపి చూస్తాడు, అదేం జబ్బో," అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

సోమవారం నాన్న రాష్ట్ర పోలీసు ఆఫీసుకి వెళ్లి అంతా రాసిచ్చాడు. క్రాల్ పోయి ఆరేళ్లయింది. కేసు పెట్టే గడువు ఎప్పుడో దాటిపోయిందని చెప్పి, పదిహేడు కార్ల రంగులూ, నెలలూ రాయించుకున్నారు. వేసవిలో ఉత్తరం వచ్చింది. తొమ్మిది తుక్కయిపోయాయి. ఐదింటి జాడ లేదు. మూడు దొరికాయి, అందులో ఒకటి హాగన్‌ది. ఇంకొకాయన కారుని వెంటనే తుక్కుకి ఇచ్చేశాడు. మూడో ఆయన, బాగానే నడుస్తోంది, నా జోలికి రావద్దన్నాడట. జాడ లేని ఐదింటి గురించి నాన్న మూడుసార్లు ఫోను చేశాడు. వాళ్లకి తెలిసింది అంతే. విషయం ఊళ్లో పొక్కింది. కారు చూసి పెట్టమని ఆయన్ని పిలవడం మానేశారు.

ఆ ఉత్తరం రాకముందే, మే నెలలో హాగన్ నాకు ఫోను చేశాడు.

"మీ నాన్నని ఒకసారి తీసుకురా అమ్మాయ్. ఆరోజు చెప్పింది నాకు సరిగ్గా ఎక్కలేదు."

తీసుకెళ్లాను. నన్ను లోపలికి రావద్దన్నారు. ట్రక్కులో రెండు గంటలు కూర్చున్నాను. గరాజు తలుపు తెరిచే ఉంది కానీ లోపల కారు లేదు, ఖాళీ. నాన్న బయటికి వచ్చి పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకోవడం మరిచిపోయాడు. నేనే పెట్టాను.

"తిట్టాడా?"

"లేదే. మొదట్నుంచీ చెప్పమన్నాడు. చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. ముప్పై అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆపి, ఇంకోసారి అనిపించుకున్నాడు."

"తర్వాత?"

"వచ్చే గురువారం కూడా రమ్మన్నాడు."

"వెళ్తావా?"

"వెళ్లకపోతే ఎలా?"

ఆ తర్వాత ప్రతి గురువారం వెళ్లాడు. నేను బస్సు దిగేసరికి ఆయన ట్రక్కు సరస్సు వైపు బయలుదేరిపోయేది. కొన్నిసార్లు జనీన్ కూడా వచ్చి కూర్చునేదట. ఏం మాట్లాడుకునేవారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నవంబర్లో మొదటి మంచు పడిన గురువారం, ఈసారికి మానెయ్యమని నేను బతిమాలాను. ఆయన విన్నాడు, తాళాలు తీసుకున్నాడు, వెళ్లాడు.