పావుగంట ముందు నడిచిన వాచీ

వాచీలు బాగుచేయడం నా వృత్తి. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటాను. అర నిమిషం వెనకబడినా సరే, ఆ వాచీని తిరిగివ్వను. అలాంటి నేను కావాలని ఒక వాచీని తప్పు నడిపించాను. అది మా ఆవిడది.

ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. ఐదింటికి తలుపులు మూశాక, పుస్తకాలు సర్దే పొడుగాయనతో కలిసి టీ తాగి, ఐదూ నలభై బస్సెక్కి ఇంటికొస్తుంది. "ఇవాళ పొడుగాయన ఏమన్నాడో తెలుసా" అంటూ చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేది. చెబుతూ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేది. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆవిణ్ణి అంతగా నేను నవ్వించింది ఒక్కసారి, అదీ కుర్చీలోంచి పడి. లోపల ఒళ్లు మండిపోతున్నా పైకి ఊకొడుతూ భోంచేసేవాణ్ణి.

ఒకరోజు బ్యాటరీ మార్చమని వాచీ ఇచ్చింది. మార్చి, ముల్లు పావుగంట ముందుకు తిప్పాను. బస్సు పోతుందన్న కంగారులో టీ సగంలో వదిలి లేస్తుందని నా ఎత్తు. పారింది. వారం తిరిగేసరికి పొడుగాయన కబుర్లు ఆగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంట్లో నవ్వు కూడా ఆగిపోయిందని కాస్త ఆలస్యంగా గమనించాను.

మూడోవారంలో ఓ సాయంత్రం ఆవిడ తడిసి ముద్దయి వచ్చింది.

"గొడుగేది?"

"విరిగిపోయింది. బస్టాపుకి పైకప్పు లేదుగా. పావుగంట వానలో నిలబడ్డాను."

నాకు తల కొట్టేసినట్టయింది. తువ్వాలు అందించి, తలుపు వైపు చూస్తూ ఉన్నదంతా చెప్పేశాను. ఇక ఈ జన్మలో నన్ను నమ్మదనే అనుకున్నాను.

"తెలుసు" అంది తల తుడుచుకుంటూ. "మొదటిరోజే తెలుసు."

"ఎలా?"

"లైబ్రరీలో గోడగడియారం బాగుచేసిందెవరు? అదీ మీ చేతిదే, ఇదీ మీ చేతిదే. రెండింటికీ పావుగంట తేడా ఉంటే తెలీదా?"

ఆ గడియారం సంగతే మరిచిపోయాను.

"మరి ముందే వెళ్లి ఎందుకు నిలబడ్డావు?"

"మొదటివారం కోపంతో. మీరెంతకాలం దాస్తారో చూద్దామని. తర్వాత బస్టాపులో వేరే పనేముంది, ఆలోచించాను. అర నిమిషం తేడాకే నిద్రపట్టని మనిషి చేతులారా ముల్లు తిప్పాడంటే ఎంత భయపడ్డాడో అనిపించింది. నేనడిగితే దొంగని పట్టుకున్నట్టుంటుంది. మీరే చెబుతారని ఆగాను."

"ఆయనతో..." అన్నాను. 

"ఆయన మాటలకి నవ్వొస్తుంది, నవ్వుతాను. అది మానను. అవన్నీ మోసుకొచ్చి మీకే కదా చెప్పాను?"

ఇన్నాళ్లూ ఆ కబుర్లలో నాకు పొడుగాయనే వినిపించాడు. నాకు చెప్పాలని ఆత్రంగా వచ్చే మనిషి కనిపించలేదు. కోపమంతా వానలో నిలబడి తనే మింగి, నా భయాన్ని నాకంటే ముందు అర్థం చేసుకున్న ఆవిడకి చేతులెత్తి మొక్కాలనిపించింది. నిజంగానే మొక్కాను. ఆవిడ పగలబడి నవ్వింది. కుర్చీలోంచి పడకుండా నవ్వించడం అదే మొదటిసారి.

వాచీ సరిచేసి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఇవాళ పొడుగాయన..."

"ఆగు. నాకు కాస్త మండుతోంది" అన్నాను.

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది.

"అలా నోటితో చెప్పండి, చాలు. వాచీ జోలికి మాత్రం పోకండి" అని, కబురు మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.