బీడీకొక పేరు

నానిన తునికాకు మీద కత్తెర నడుస్తుంటే సన్నగా చినుకులు పడుతున్నట్టు చప్పుడు.

తర్వాత దారం. తర్వాత ఒక పిలుపు—

రాజన్నా...

కోరుట్లలో మల్లవ్వ ఇరవై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట. చాటలో ఆకు, తంబాకు. ఆరేళ్లుగా ఒక్కో బీడీకి దారం ముడేస్తూ ఒక్కసారి వేములవాడ రాజన్న దేవుణ్ని పిలుస్తుంది. రోజుకు వెయ్యి బీడీలు. వెయ్యి పిలుపులు.

మొక్కు దేనికని అడిగితే మోకాళ్ల నొప్పికని చెబుతుంది.

చెప్పీ చెప్పీ తనూ నమ్మింది.

చలికాలంలో ఒక పొద్దున జ్యోత్స్న వచ్చింది. ఒకప్పటి దొరల ఇంటి పిల్ల. హైదరాబాదులో చదువుకుంది. చప్పుళ్లు పోగు చేసి జనానికి వినిపిస్తుందట.

"నీ పని నువ్వు చేసుకో అవ్వా. నేను ఉత్తగ రికార్డు చేసుకుంట."

చాట పక్కన చిన్న మైకు పెట్టి మూలన కూర్చుంది. పొద్దుగూకేదాకా కదల్లేదు.

ఆకు. దారం. రాజన్నా...

ఆకు. దారం. రాజన్నా...

మొదట మల్లవ్వకు సిగ్గేసింది. మధ్యాహ్నానికి మైకును మరిచిపోయింది. సాయంత్రానికి తనను తానే మరిచిపోయింది.

నెల తర్వాత సిరిసిల్ల. మూతబడ్డ మరమగ్గాల షెడ్డు. మగ్గాలు తీసేసిన చోట జ్యోత్స్న పెట్టించిన నలభై స్పీకర్లు వేలాడుతున్నాయి. మల్లవ్వ, తోడుగా వచ్చిన పక్కింటి కొమురవ్వ చాప మీద కూర్చున్నారు.

గొంతు మొదలైంది.

తన గొంతే... తనది కానట్టుంది. ఈ గోడ నుంచి పిలుస్తుంది, ఆ గోడ నుంచి పిలుస్తుంది, పైకప్పు నుంచి కురుస్తుంది. ముసురు పట్టిన వానలా—తెరిపి లేదు. జనం కళ్లు మూసుకున్నారు. ఒక ముసలాయన చేతులు జోడించాడు.

ఆ దండం రాజన్నకా? తన గొంతుకా?

రాజన్నా... రాజన్నా... రాజన్నా...

భూమయ్యా...

కొమురవ్వ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏందే మల్లక్కా! నువ్వేనా అన్నది?"

మల్లవ్వ పైకప్పు వైపు తలెత్తింది.

భూమయ్య ఆమె పెనిమిటి. పదకొండేళ్ల కింద దుబాయి పోయాడు. ఆరేళ్లుగా ఫోను లేదు, కబురు లేదు. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. మొగని పేరు పలకకూడదు. రేషన్ కార్డు రాయించుకున్న రోజు కూడా ఆ పేరు కొమురవ్వే చెప్పింది.

మరి ఎప్పుడన్నది? ఏ బీడీకి? ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

పిలుపుల వాన మళ్లీ మొదటికొచ్చింది. రాజన్నా... రాజన్నా... భూమయ్యా...

మొదటిసారి ఆ గొంతులో కోపం వినిపించింది. ఈసారి కోపం లేదు.

ఇన్నేళ్లూ పిలిచింది ఎవరిని? మనిషి పలకక దేవుణ్ని పిలిచిందా? దేవుడి పేరు అడ్డం పెట్టుకుని మనిషినే పిలిచిందా? మొక్కు చెల్లినట్టా... చెడినట్టా?

జ్యోత్స్న వంగి మెల్లగా అడిగింది. "ఏమైందవ్వా? గా పేరు తప్పా? గదీ దేవుని పేరే అనుకున్న. తీసెయ్యాల్నా?"

"తీసెయ్యమ్మా."

జ్యోత్స్న లాప్‌టాప్ మీద వేలు పెట్టిందో లేదో మల్లవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు... తియ్యకు."

"ఉంచాల్నా మరి?"

"నాకెర్కలే బిడ్డా... నన్నడుగకు."

మూడోసారి ఆ పేరు దగ్గరికొస్తోంది.

"గీ సప్పుడు ఎంత దూరం ఇనవడ్తది బిడ్డా?"

"బయటికి పోదవ్వా. తలుపు దాకనే."

మల్లవ్వ లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. కొమురవ్వ పిలుస్తున్నా ఆగలేదు. జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్లి, ఇనుప తలుపుకు రెండు చేతులూ ఆనించింది.

రాజన్నా... రాజన్నా...

తలుపు బార్లా తెరిచింది.