ఒంటి కుదుళ్ళు

పిన్ని ఇంకో కుదురును గాజుపలక మీద పడుకోబెట్టి, ఒక చుక్క ఉప్పునీరు వదిలి, బ్లేడు మొన ఆనించింది. బియ్యపుగింజలో సగం లేని కండ. అందులోంచి మూడు వెంట్రుకలు. బ్లేడు వాటి మధ్యనుంచి దిగాలి గాని ఏ వేరుకూ తగలకూడదు. తగిలితే మొలవదు. ఎండినా మొలవదు.

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే. తల వెనకనుంచి తీసిన కుదుళ్ళను చూసి వేరుచేయడం. ఒంటి వెంట్రుకవి ఒక పళ్ళెంలో, జంటలు ఇంకో పళ్ళెంలో. ఒంటివి నుదుటి అంచుకీ కణతలకీ పోతాయి. జంటలు వాటి వెనక వరసలకి. మైక్రోస్కోపుకు కళ్ళు అతికించుకుని కూర్చుంటుందని ఆ జుట్టు నాటే ఆసుపత్రిలో అందరూ భూతద్దం పిన్ని అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది.

మంచి మనిషని ఎవరూ అనరు. ఆమె నోటికి జడిసి ఇద్దరు పని మానేశారు. భర్త పోయిన వారానికే వచ్చి స్టూలు ఎక్కింది. ఏడవవేమని అడిగితే, అద్దం మీద నీళ్ళు పడితే పని కనపడదంది.

ఇప్పుడు నీళ్ళు లేకుండానే కనపడటం లేదు. మూడు నెలలుగా కుడికంటికి పాలమీగడలాంటి పొర. ఎవరికీ చెప్పలేదు.

బల్ల మీద పడుకున్నవాడు ఈత మాస్టారు. ఆరేళ్ళ క్రితం ఇంకెక్కడో కణతలు నింపించుకున్నాడు. వాళ్ళు మూడేసి నాలుగేసి వెంట్రుకల కుదుళ్ళను ముందు వరసలోనే, స్కేలు పెట్టి గీసినట్టు నాటారు. తడిస్తే కుచ్చులు కుచ్చులుగా లేస్తాయి. ఆ కుచ్చుల్నే తవ్వి తీసి, చీల్చి ఒంటివి చేసి, మళ్ళీ నాటాలి. తల వెనక ఇక తీయడానికి జుట్టు లేదు. ఇది చెడితే ఇంకో అవకాశం లేదు.

నుదురు మొద్దుబారినా మాస్టారి నోరు ఆగలేదు.

"పిల్లలు నన్ను చీపురు మాస్టారంటారండీ. అబద్ధమేం కాదు, అద్దంలో చూసుకుంటే నాకూ అలాగే ఉంది."

"మీ ఆవిడేమంటుంది?" ఎడమ కణతలో నాటుతున్న పిన్ని ఆడపడుచు అడిగింది.

"మాట వినకపోతే మూల నిలబెడతానంటుంది."

ఆడపడుచు నవ్వింది. ఆమెకు పని నేర్పింది పిన్నే. పద్నాలుగేళ్ళు అయినా తిట్టడం ఆపలేదు. డాక్టరు గాట్లు పెట్టి పక్కగదిలోకి వెళ్ళాడు. వాటిలో కుదుళ్ళు దించడం ఆడపడుచు వంతు.

"వదినా," అందామె పట్టకారు ఎత్తిపట్టుకుని. "ఇది జంట."

"నీ కళ్ళు జంట. నాటు."

"నేను నాటను. నువ్వే చూడు."

పిన్ని పట్టకారు లాక్కుని అద్దం కింద పెట్టింది. ఒకటే కనపడింది. కుడికన్ను మూసింది. రెండు.

పళ్ళెంలో ఇంకా అరవై దాకా ఉన్నాయి. కణతలో అప్పటికే నలభై నాటారు.

ఆడపడుచు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "డాక్టరుగారు చూళ్ళేదు. మిగతావి నేను ఏరుకుంటా. ఆ నలభైలో ఎన్నుంటాయిలే, వదినా."

తన మీద జాలిపడ్డవాళ్ళను పిన్ని ఎప్పుడూ క్షమించలేదు.

"ఎన్నున్నా పీకాలి," అంది పైకే. "వెళ్ళి డాక్టర్ని పిలుచుకురా."

మాస్టారు కదలబోయి ఆగాడు. "ఏమైందండీ?"

"తప్పు చేశాను. కన్ను సరిగ్గా లేదు. చెప్పకుండా కూర్చున్నాను. ఒంటి పళ్ళెంలో జంటలు వేశాను. వదిలేస్తే మళ్ళీ చీపురే."

"కనపడకపోతే ఇంట్లో ఉండాలి గాని, నా మొహం మీదా మీ పంతం?"

పిన్ని పట్టకారులోని జంటను ఉప్పునీటిలో వేసింది.

మళ్ళీ అతనే అడిగాడు. "పీకితే బతుకుతాయా?"

"నాటి అరగంట కాలేదు. వెంటనే ఉప్పునీళ్ళలో వేస్తే బతుకుతాయి."

డాక్టరు వచ్చి కణతంతా వెతికాడు. పద్నాలుగు జంటలు. ఒక్కొక్కటే పైకి తీశాడు.

"స్టూలు దిగండి పిన్నిగారూ," అన్నాడు.

దిగింది. "మూడు నెలలనుంచి నేను కుదుళ్ళు చీల్చి ఇచ్చినవాళ్ళందర్నీ పిలిచి చూడండి," అంది. అతను తలూపాడు.

ఆడపడుచు స్టూలెక్కింది. పిన్ని పక్కన నిలబడి ఉప్పునీటి చుక్కలు వేసింది. కొత్తగా చేరినవాళ్ళకిచ్చే పని అది. ఆమెకు కుదురు కనపడలేదు, ఆడపడుచు మణికట్టు కనపడింది. మొన పైకి పెట్టు అనబోయింది. మొన పైకే ఉంది. నోరు మూసుకుని చుక్క వేసింది.

పద్నాలుగూ ఇరవై ఎనిమిదయ్యాయి. ఒక్కటీ పోలేదు. తర్వాత పళ్ళెంలో ఉన్నవన్నీ మళ్ళీ చూశారు. డాక్టరు నాటాడు. కణతలోవి వెనక్కి వాలేలా, నుదుటివి వరస తిన్నగా రాకుండా ఒకటి ముందుకు ఒకటి వెనక్కు.

సాయంత్రం నాలుగింటికి అద్దం చేతికిచ్చారు. మాస్టారు ఇటూ అటూ తిరిగి చూసుకున్నాడు.

"వంకరగా ఉంది," అన్నాడు సంబరంగా. తర్వాత డాక్టర్ని వదిలి పిన్నినే అడిగాడు. "ఎప్పుడొస్తాయి?"

"ముందు రాలిపోతాయి. నెల తిరిగేలోగా దాదాపు అన్నీ. అప్పుడు నన్ను తిట్టుకో. కుదురు లోపలే ఉంటుంది. నాలుగో నెలనుంచి మొలుస్తాయి. ఏడాదికి తల తడుపుకుని చూసుకో."

"మీకే చూపిస్తా. ఈలోగా కన్ను చేయించుకోండి."

"చేయించుకుని నీ మొహమా చూడాల్సింది?"

మాస్టారు నవ్వాడు. నుదురింకా తిమ్మిరిగానే ఉండి కనుబొమలు కలిసిరాలేదు.

కన్ను బాగయ్యాక రమ్మన్నాడు డాక్టరు. పిన్ని ఒప్పుకోలేదు.

"దాన్నే కూర్చోబెట్టండి. దాని చెయ్యి మంచిది," అంది.

పద్నాలుగేళ్ళలో ఆ మాట ఆడపడుచు వినడం అదే మొదలు. పళ్ళేల మీద కుళాయి గట్టిగా తిప్పింది.

పిన్ని ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పలేదు. కుడికన్ను మూసుకుని, మెట్ల అంచులు చూసుకుంటూ దిగింది. వీధిలో ఇంకా వెలుగుంది. కంటి ఆసుపత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందని వాచ్‌మన్‌ని అడిగి, అటే నడిచింది.

పైన గదిలో కొక్కేనికి ఆమె తెల్లకోటు వేలాడుతోంది. దాని భుజం మీద, కుదురుతో సహా ఊడిన పొడవాటి నెరసిన వెంట్రుక ఒకటి.