గంగుబాయి మడత

కుంఠా నాకా బీడీ కార్ఖానాలో మంగళను చెకర్‌ని చేశారంటే నమ్మనిదాన్ని నేనే. మేం చుట్టి తెచ్చిన బీడీలు చూసి, పనికిరానివాటికి ఛాట్ అని పేరు పెట్టి విరిచి పారేసే ఆ కుర్చీలో అంతకుముందు ఎప్పుడూ మగవాళ్లే కూర్చున్నారు. ఎనభై ఎనిమిదిలో సేటుకు ఏం తోచిందో, ఒక నెల ఆడమనిషిని పెట్టి చూద్దామన్నాడు. నెల తిరిగాక మమ్మల్ని అడిగి ఖాయం చేస్తాడట. ఊరికే ఇస్తారా ఎవరైనా? ఇందులో ఏదో ఉందని నా మనసు ఒకటే పీకింది.

ఆ అనుమానానికి పాత చెకర్ రామచంద్రం నీళ్లు పోశాడు. మగవాడికి బీడీ కనిపిస్తుంది తప్ప చుట్టిన చెయ్యి కనిపించదన్నాడు. పదేళ్లు మా మధ్య కూర్చుని చుట్టిన మంగళకు బీడీ మూతి మడత చూస్తే చాలు, ఎవరిదో తెలిసిపోతుందన్నాడు. ఆడదాని మనసు మెత్తన, సొంత అత్త కట్టను పారేస్తుందా అన్నాడు. నిజమే కదా అనిపించింది. మంగళ అత్త గంగుబాయికి బొటనవేలు వంకర. ఆమె బీడీ మూతి ఎప్పుడూ ఎడమకే మడత పడుతుంది. కళ్లు మూసుకుని తడిమినా నేను చెప్పగలను.

అప్పటి నుంచి నా పని మానేసి మంగళ చేతులే చూశాను. గంగుబాయి బుట్టలోంచి పారేసేవి తక్కువ, నా బుట్టలోంచి ఎక్కువ. గంగుబాయి నాకంటే బాగా చుడుతుందన్న సంగతి ఆ రోజుల్లో నా బుర్రకు తట్టలేదు.

చివరికి ఒక ఎత్తు వేశాను. ఇంట్లో కూర్చుని మూడు కట్టలు వదులుగా చుట్టి, మూతులన్నీ ఎడమకు మడిచాను. మర్నాడు వరుసలో గంగుబాయి ఎవరితోనో మాటల్లో పడ్డప్పుడు, ఆమె కట్టలు మూడు తీసి నావి దోపాను. మంగళ వాటిని వదిలేస్తే అందరి ముందూ పట్టుకోవాలని నా పన్నాగం.

మంగళ మొదటి కట్ట తీసి వేళ్లతో నొక్కింది. మూతి చూసింది. తలెత్తి వరుసకేసి ఒకసారి చూసింది. ఛాట్ అని, అత్త కళ్ల ముందే మూడు కట్టలూ విరిచి పారేసింది. గంగుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వెళ్లిపోయింది.

నా అనుమానం తీరింది. కానీ వాడకట్టు మాట అప్పటికే తిరిగిపోయింది. పెద్దదాన్ని నలుగురిలో నగుబాటు చేసింది, అదేం ఆడది అన్నారు. మెత్తనిదని చెప్పిన రామచంద్రమే, ఆడదానికి ఇంత కఠినం తగదన్నాడు. నెల తిరిగి సేటు ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ఆ కట్టలు నావని చెబితే నా పని పోతుంది. తల దించుకుని, మగ చెకరే నయమన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తర్వాతి వారం ఆ కుర్చీలో రామచంద్రం బావమరిది కూర్చున్నాడు. అతని పెళ్లాం మా వరుసలోనే నిలబడుతుంది. ఆమె బుట్టకేసి ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

మంగళ మళ్లీ బీడీలు చుట్టడానికి తన చేట తెచ్చుకుని నా పక్కనే కూర్చుంది. చాలాసేపు ఆకు కత్తిరించాక, తలెత్తకుండా అంది.

"యమునక్కా, మడత అయితె మా అత్త లెక్కనే పెట్టినవ్, బరాబర్. దారం ముడి మాత్రం నీదే ఉండె."

నా చేతిలో ఆకు నలిగిపోయింది. తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"నీ చెయ్యి గుర్తు పట్టిన అంటె ఆడది చెయ్యి చూస్తదన్న రామచంద్రం మాటనే నిజం అయితుండె గద. చెకర్‌కు చెయ్యి ఎవల్దైతే ఏంది? బీడీ ఖరాబున్నది, పారేసిన."

అత్త ఆమెతో మాట్లాడటం మానేసిందని వాడకట్టుకంతా తెలుసు. ఆ కట్టలు నావని చెబుదామని ఆ సాయంత్రం నీలం నగర్‌లో గంగుబాయి ఇంటిదాకా వెళ్లాను. గడప ముందు నుంచే, పిలవకుండా తిరిగివచ్చాను.