ఏసోబు పెట్టిన నల్లా

తొంభై నాలుగు ఎండాకాలంలో రామన్నపేట సైదమ్మ కాలు నేల మీద నిలవలేదు. రెండేళ్ల కింద పెట్టుకున్న అర్జీకి పంచాయతీ నుంచి నల్లా కాగితం వచ్చింది మరి. బోరింగు పంపు కొట్టీ కొట్టీ కాయలు కాసిన చేతులతో ఆ కాగితాన్ని, చదువు రాకపోయినా, రోజుకు నాలుగుసార్లు తీసి చూసుకునేది. బడిలో చప్రాసీగా పనిచేసే ఆమె మొగుడు ఇస్రాయేలు అందులోని షరతు చదివి వినిపించాడు. పంచాయతీ లైసెన్సు ఉన్న మేస్త్రీయే నల్లా పెట్టాలి. వేరేవాళ్లు చెయ్యి పెడితే కనెక్షను తెంపేస్తారు, మళ్లీ వరసలో చివర నిలబడాలి.

ఊరంతటికీ లైసెన్సున్న మేస్త్రీ హమీద్ ఒక్కడే. "పదిహేను దినాలు ఆగు చెల్లె, నీకన్న ముందు పన్నెండిండ్లున్నయి" అన్నాడతను.

సైదమ్మకు అది పదిహేనేళ్లుగా వినబడింది. "మా ఏసోబు రెండొందల ఫీట్ల లోతుకెల్లి నీళ్లు గుంజుతడు. గీ నల్లా వానికో లెక్కనా?" అంది మొగుడితో. ఏసోబు ఆమె తమ్ముడు. కేతేపల్లి చుట్టుపక్కల పొలాల్లో మోటార్లు బాగుచేస్తాడు.

"వాడు మోటర్లు జేసేటోడు, నల్లాలు గాదు" అన్నాడు ఇస్రాయేలు. పుట్టింటి మీద మాట పడితే సైదమ్మ ఎలా ఉంటుందో పద్నాలుగేళ్లుగా చూస్తున్నవాడు కనుక ఆ పైన నోరు మూసుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యీ కాగానే ఏసోబు దిగాడు. గట్టి నేల తవ్వడం ఎందుకని ఇంటి ముందు మురుగు పారే మోరీలోంచే పైపు తీశాడు. అతుకుల దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి బిగించాడు. పదేళ్లుగా పొలాల్లో ఆయన కడుతున్నది అలాగే, ఏ రైతూ వంక పెట్టలేదు. అక్క వండిన కోడికూర తిని, ఇక నీకు బోరింగుతో పనిలేదని ధీమాగా చెప్పి, రాత్రికి అక్కడే పడుకున్నాడు.

సోమవారం పొద్దున ఆరింటికి నీళ్లొచ్చాయి. సైదమ్మ రెండు బిందెలు నింపి, పక్కింటి గులాబ్‌బీని గోడ దగ్గరికి పిలిచి మరీ చూపించింది. మూడో బిందె నిండగానే ఇస్రాయేలు నల్లా తిప్పి మూసేశాడు. అంతే, అతుకులు ఒకదాని తర్వాత ఒకటి ఊడాయి. ఒక ట్యూబు ముక్క ఎగిరి ఇస్రాయేలు చెంపకు తగిలింది. నీళ్లు చూరుదాకా లేచాయి.

"నువ్వెందుకు బంద్ జేసినవ్ బావా?" అన్నాడు ఏసోబు, నిజంగానే నొచ్చుకుంటూ. "పొలంల ఎవడన్న పైపు మూతి మూస్తడా?"

నీళ్లు తెప్పించడంలో ఏసోబు దిట్టే, పాపం. వాటిని ఆపాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు. ఇస్రాయేలు చెంప పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఏసోబూ నవ్వాడు. సైదమ్మ మాత్రం మోరీ పక్కన కూలబడి పైపునే చూస్తోంది.

ఏడింటికి నీళ్లు బంద్ అయ్యాయి. అప్పుడు ఊడిన పైపు నోట్లోకి మోరీ నీళ్లు గురగురమంటూ పోసాగాయి.

"ఇదేందిరా?"

ఏసోబు మొహంలో నవ్వు పోయింది. "పైపు గుంజుతాందక్కా. కింద యాడనో నల్లా తెరిచిన్రు" అంటూ గబగబా గుడ్డ కుక్కాడు. కానీ పోయిన మురికి వీధి పైపులోకి పోనే పోయింది.

పల్లంలో అదే పైపు మీద ఆరిళ్లున్నాయి. మొదటిది గులాబ్‌బీది. ఆమె కోడలు పురుడు పోసుకుని పదకొండు రోజులైంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, సాయంత్రానికి ఏసోబు మళ్లీ కట్టేస్తాడు, నల్లా ఇంట్లోనే ఉంటుంది. చెబితే రెండేళ్ల ఎదురుచూపు మట్టిలో కలుస్తుంది. సైదమ్మకు ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచి గులాబ్‌బీ వాకిట్లోకి నడిచింది.

"పెద్దమ్మా, నల్లా నీళ్లు ముట్టకు. పొద్దున పట్టినయి ఉంటె పారబొయ్యి. అందుల మా మోరీ నీళ్లు గలిసినయి. మా తమ్ముడు జేసిండు, నేనే జేపిచ్చిన."

ఆరు గడపల్లోనూ అదే చెప్పింది. ఆరో గడప దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి మాట పోయి, "నేనే జేపిచ్చిన" ఒక్కటే మిగిలింది. ఆ కాళ్లతోనే హమీద్ ఇంటికి పోయి ఆయనకూ చెప్పింది.

హమీద్ వచ్చి వీధి పైపు దగ్గర గుంత తవ్వి కనెక్షను తెంపి బిరడా బిగించాడు. మర్నాటి నీళ్లు అర్ధగంట పారబోశాకే పట్టుకోమని పల్లం ఇళ్లకు చెప్పాడు. "నువ్వొచ్చి జెప్పబట్టి పెద్ద రోగాలు దప్పినయి చెల్లె. గని పంచాయతీ కాయిదా కాయిదానే" అని ఆమె పేరు కొట్టేసి జాబితా చివర రాశాడు. నలభై మూడో నంబరు. ఏసోబును మాత్రం రెక్క పట్టుకుని గుంతలోకి దింపి, పైపు అతుకు ఎలా వెయ్యాలో చూపించాడు. అక్క మొహం చూడలేక ఏసోబు తలొంచుకుని శ్రద్ధగా నేర్చుకున్నాడు.

మూడోనాడు పొద్దున సైదమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని బోరింగుకు బయల్దేరింది. గల్లీలో ఎవరేమంటారోనని సిగ్గుతో చచ్చిపోతూ గడప దాటింది. అప్పుడే గోడ మీదుగా రబ్బరు పైపొకటి వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది. అవతల గులాబ్‌బీ మనవణ్ణి భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"యాడికి పోతున్నవ్? నీ నంబరొచ్చేదాక మా నల్లాకెల్లే పట్టుకో. గంటసేపొస్తయి, మాకు అర్ధగంట సాలు."

సైదమ్మ చంకలోని బిందె దించింది. వంగి పైపు బిందెలో పెట్టింది.

"గని ఒక్క మాట" అంది గులాబ్‌బీ. "దీన్ని మీ తమ్మున్ని ముట్టనియ్యకు."

సైదమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బిందె నిండుతోంది. రెండోది తేవడానికి లోపలికి పరుగెత్తింది.